మైకేల్ ఫారడే: ఒక అక్షరం వెనుక జీవితం

రేడియో విడిభాగాలు అమ్మే దుకాణంలో గ్యాంగ్ కండెన్సరు అడిగితే గుప్పెటలో ఇమిడే వస్తువొకటి చేతికిస్తారు. అందులో అర్ధచంద్రాకారపు రేకులు ఒక వరుసగా కదలకుండా నిలిచి ఉంటాయి. ఇరుసు త్రిప్పితే రెండవ వరుస రేకులు వాటి నడుమకు, వాటిని తాకకుండా, జారుతాయి. భౌతికశాస్త్ర గ్రంథాలు దీనిని చర కెపాసిటరు అంటాయి. దాని కొలతను 365 పి.ఎఫ్. అనో, 500 పి.ఎఫ్. అనో చెబుతారు.

మన కళాశాల విజ్ఞాన ప్రదర్శనకు స్ఫటిక రేడియో తయారుచేస్తున్న ఒక విద్యార్థి, దాని ప్రక్కన పెట్టవలసిన తెలుగు వివరణను సరిచూడమని నా వద్దకు వచ్చాడు. పి. అంటే పికో అని వ్రాశాడు గాని ఎఫ్. అంటే ఏమిటో వ్రాయలేదు. అడిగితే అదొక యూనిట్ అని చెప్పి ఊరుకున్నాడు. అంతలోనే మరొక మాట కూడ చెప్పాడు. రేడియో పలకడం లేదనీ, ఇంగ్లీషు పుస్తకంలోని పటం తనకు సరిగా అర్థం కాలేదేమో ననీ, ప్రదర్శన నుండి పేరు తీసివేయమని అడుగుదామని ఉన్నదనీ అన్నాడు. ఇంటిలో ఉర్దూ, వీధిలో తెలుగు, పాఠ్యగ్రంథంలో ఇంగ్లీషు నడుమ చదువుకొనే మన విద్యార్థుల నోట ఈ సంకోచం విని విని నాకు అలవాటే. అయితే ఆ నాడు అతడు విడిచిపెట్టిన ఆ ఒక్క అక్షరంలోనే అతని సంకోచానికి సమాధానం ఉన్నది. ఎఫ్. అనే అక్షరం ఒక మనిషి పేరుకు గుర్తు. కళాశాల మెట్లెక్కి చదువుకొనే భాగ్యం లేక, ఇతరుల పుస్తకాలు కుట్టి బ్రతికిన మనిషి అతడు.

మైకేల్ ఫారడే 1791 సెప్టెంబరు 22వ తేదీన, లండన్ నగరానికి దక్షిణాన ఉన్న న్యూయింగ్టన్‌లో జన్మించాడు. తండ్రి జేమ్స్ కమ్మరి. ఉత్తర ఇంగ్లండులోని పల్లె విడిచి బ్రతుకుతెరువు కోసం రాజధానికి వచ్చినవాడు. ఆరోగ్యం చెడి కొలిమి వద్ద దినమంతా నిలువలేకపోయేవాడు. నలుగురు బిడ్డలలో మైకేల్ మూడవవాడు. 1801లో ధాన్యం ధరలు మండిపోయినప్పుడు ఆ తొమ్మిదేళ్ళ పిల్లవానికి వారానికి ఒక రొట్టె ఇచ్చేవారు. దానినే అతడు ఏడు దినాలకు సరిపెట్టుకోవలసి వచ్చేది. చదవడం, వ్రాయడం, చిన్నపాటి లెక్కలు వేయడం – బడిలో అతడు నేర్చిన విద్య అంతే.

1804లో, తన పదమూడవ ఏట, బ్లాండ్‌ఫర్డ్ వీధిలో రీబో అనే పుస్తక విక్రేత వద్ద పనికి కుదిరాడు. మొదట వార్తాపత్రికలు మోయడం అతని పని. ఆ రోజులలో పత్రిక కొనలేనివారు అద్దెకు తెచ్చుకొని చదివేవారు. ఒక ఇంటిలో ఇచ్చి, చదివిన తరువాత తీసుకొని, మరొక ఇంటికి చేరవేయాలి. మరుసటి సంవత్సరం రీబో ఆ బాలుని ఏడేండ్ల ఒప్పందంపై బైండింగు పని నేర్చుకొనడానికి శిష్యునిగా తీసుకున్నాడు. అటువంటి శిష్యరికానికి మామూలుగా చెల్లించవలసిన రుసుమును, పిల్లవాని నమ్మకమైన నడవడి చూసి, వదలివేశాడు.

మన ఊళ్ళలో జిల్ద్ కట్టే పనివారిని చూడని వారుండరు. మన విద్యార్థులలో కొందరి ఇళ్ళలో అదే వృత్తి. ఆ పని తెలిసినవారు ఒక సంగతి ఎరుగుదురు. కుట్టే చేతికి పుస్తకం కాగితాల కట్ట మాత్రమే. దానిని విప్పి చదివే తీరిక గాని, చనువు గాని అందరికీ దొరకదు. ఫారడేకు రీబో ఆ చనువు ఇచ్చాడు. కుట్టడానికి వచ్చిన బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలో విద్యుత్తును గురించిన వ్యాసం అతని కంటబడింది. జేన్ మార్సెట్ అనే విదుషీమణి సంభాషణల రూపంలో వ్రాసిన రసాయనశాస్త్ర గ్రంథం చేతికి వచ్చింది. అతడు వాటిని చదివి అక్కడితో ఆగలేదు. చదివిన సంగతి నిజమో కాదో చేసి చూడవలెనని పట్టుబట్టాడు. వారానికి కొద్ది పెన్నీలకు మించకుండా రసాయన ప్రయోగాలు చేసేవాడు. రాపిడితో విద్యుత్తు పుట్టించే యంత్రాన్ని ముందు ఒక గాజు సీసాతో, ఆ తరువాత సరియైన గాజు గొట్టంతో తానే నిర్మించుకున్నాడు. అచ్చులో ఉన్న మాటను చేతితో సరిచూడనిదే తనది అనుకోకపోవడం అతనికి అప్పుడు అబ్బిన గుణం. అది చివరివరకు విడువలేదు.

1810లో టేటం అనే వ్యక్తి తన ఇంటిలో సాయంకాలం విజ్ఞానోపన్యాసాలు ఇస్తుండేవాడు. ఒక్కొక్క ఉపన్యాసానికి ప్రవేశ రుసుము ఒక షిల్లింగు. కమ్మరి పని చేసే అన్న రాబర్ట్ తన కూలి డబ్బులలో నుండి ఆ షిల్లింగు ఇచ్చేవాడు. ఆ సంవత్సరమే తండ్రి మరణించాడు. విజ్ఞానశాస్త్ర చరిత్రలో రాబర్ట్ పేరు పెద్దగా వినబడదు. కాని తమ్ముని చదువు కోసం తన కోరికలు చంపుకొనే అన్నలు మన ఇళ్ళలోనూ ఉన్నారు. వారిని తలచుకొనే సందర్భమిది.

1812లో దుకాణానికి వచ్చే డాన్స్ అనే పెద్దమనిషి, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సర్ హంఫ్రీ డేవీ ఇవ్వబోయే నాలుగు ఉపన్యాసాలకు ఫారడేకు టిక్కెట్లు ఇచ్చాడు. డేవీ అప్పటికే సోడియం, పొటాషియంలను వేరుచేసి యూరపు అంతటా పేరు గడించిన శాస్త్రజ్ఞుడు. ఫారడే ఆ నాలుగు ఉపన్యాసాలనూ శ్రద్ధగా వ్రాసుకొని, పటాలు చేర్చి, తనకు వచ్చిన విద్యతో అందమైన గ్రంథంగా బైండు చేసి, సంవత్సరాంతంలో డేవీకి పంపుతూ పని ఇప్పించమని వేడుకున్నాడు. డేవీ వెంటనే ఇవ్వలేకపోయాడు. కొద్ది నెలలకు ప్రయోగశాల సహాయకుని చోటు ఖాళీ అయినప్పుడు అతనిని గుర్తుచేసుకున్నాడు. 1813 మార్చి 1వ తేదీన నిర్వాహకులు ఫారడేను నియమించారు. వారానికి 25 షిల్లింగుల జీతం, మేడమీద రెండు గదులు. జీవితంలో చాల భాగం అతడు ఆ భవనంలోనే గడిపాడు.

ఆ సంవత్సరం అక్టోబరులో డేవీ భార్యతో కలిసి యూరపు యాత్రకు బయలుదేరుతూ ఫారడేను వెంట తీసుకుపోయాడు. డేవీ సేవకుడు ప్రయాణానికి నిరాకరించడంతో ఆ పనులు కూడ ఫారడే మీదనే పడ్డాయి. డేవీ భార్య అతనిని నౌకరుగానే చూసింది. నౌకర్ల పంక్తిలోనే భోజనం. తిరిగి పోదామా అని అతడు ఆలోచించిన దినాలున్నాయి. అయితే ఆ యాత్రలోనే ఆంపియర్, వోల్టా వంటి వారిని దగ్గరగా చూశాడు. ఫ్రెంచి, ఇటాలియను భాషలు కొంత నేర్చాడు. 1815 ఏప్రిలులో తిరిగి వచ్చేనాటికి అవమానం మరుగున పడి విద్య మిగిలింది.

ఆ తరువాతి పరిశోధనలు పాఠ్యగ్రంథాలలో ఉన్నవే గనుక క్లుప్తంగా చెబుతాను. 1821లో విద్యుత్ ప్రవహించే తీగ అయస్కాంతం చుట్టూ తిరిగేటట్లు చేశాడు. విద్యుత్ మోటారుకు అది బీజం. ఆ సంవత్సరమే సారా బర్నార్డ్‌ను వివాహమాడాడు. 1825లో బెంజీనును కనుగొన్నాడు. 1831 ఆగస్టు 29న, ఇనుప వలయంపై చుట్టిన రెండు తీగచుట్టలలో ఒకదానిలో విద్యుత్తు మొదలైనప్పుడూ ఆగినప్పుడూ రెండవదానిలో క్షణకాలం విద్యుత్తు పుట్టడం గమనించాడు. అంతకుముందు కొన్ని సంవత్సరాలుగా అదే దిశలో చేసిన ప్రయత్నాలు విఫలమై, ఆ వైఫల్యాలను కూడ తేదీలతో పుస్తకంలో వ్రాసి పెట్టుకున్నాడు. 1833, 34లలో విద్యుద్విశ్లేషణ నియమాలు వెలువడ్డాయి.

గ్యాంగ్ కండెన్సరుకు సంబంధించినది 1837 నాటి ప్రయోగం. మోటారు, డైనమోల వెలుగులో అది మన విద్యార్థుల కంట పడడం లేదు గనుక వివరంగా చెబుతాను.

అప్పటికి తొంబై ఏండ్లుగా లేడెన్ సీసా వాడుకలో ఉన్నది. గాజు సీసాకు లోపలా వెలుపలా లోహపు రేకు అతికిస్తే అది విద్యుదావేశాన్ని నిలువచేస్తుంది. అయితే లోపలి రేకు ప్రభావం వెలుపలి రేకును చేరే తీరు ఏమిటి? నడుమనున్న గాజుతో నిమిత్తం లేకుండ దూరం నుండే ఆ ప్రభావం పనిచేస్తుందని చాలమంది పండితుల అభిప్రాయం. గణితం వారి పక్షాన ఉన్నది. ఫారడేకు ఉన్నత గణితం రాదు. కాని నడుమనున్న పదార్థం ఊరకే కూర్చోదని అతని నమ్మకం. నమ్మకాన్ని వాదంతో గాక ప్రయోగంతో తేల్చుకొనడం అతని పద్ధతి.

ఒకే కొలతల ఇత్తడి సాధనాలు రెండు చేయించాడు. ఒక్కొక్క దానిలో పెద్ద గోళం లోపల దానిని తాకకుండ చిన్న గోళం ఉంటుంది. నడుమ గాలి. ఒకదానికి ఆవేశమిచ్చి రెండవదానితో కలిపితే, రెండూ సమానం గనుక, ఆవేశం చెరిసగం పంచుకున్నాయి. తరువాత రెండవదానిలో గోళాల నడుమ సగభాగం లక్కతో నింపాడు. మన లాడ్ బజారులో గాజులుగా మెరిసే లక్క వంటిదే. మళ్ళీ కలిపి చూశాడు. ఈసారి పంపకం సమానంగా లేదు. లక్క ఉన్న సాధనం సగానికంటె ఎక్కువ ఆవేశం పుచ్చుకున్నది. గంధకంతో చేసినా అంతే. లోహం మారలేదు, కొలతలు మారలేదు, మారినది నడుమనున్న పదార్థం ఒక్కటే. కనుక ఆ పదార్థానికి పాత్ర ఉన్నదని తేలిపోయింది. ఇటువంటి పదార్థాన్ని మనం నేడు రోధకం అంటున్నాము. కేవెండిష్ ఇదే సంగతిని అంతకు చాల ఏండ్ల ముందే కనిపెట్టినా ప్రకటించక తనలోనే దాచుకున్నాడు. ఆ వ్రాతలు అచ్చయి లోకానికి తెలిసినది 1879లో మాత్రమే.

ఇప్పుడు గ్యాంగ్ కండెన్సరును చేతిలోనికి తీసుకోండి. దాని ధారణశక్తి మూడింటిపై ఆధారపడుతుంది: ఎదురెదురుగా ఉన్న రేకుల వైశాల్యం, వాటి నడుమ దూరం, ఆ నడుమనున్న పదార్థం. ఇరుసు త్రిప్పినప్పుడు దూరం మారదు, గాలి మారదు. ఎదురుపడే వైశాల్యం ఒక్కటే మారుతుంది. రేకులు పూర్తిగా లోపల ఉంటే ధారణశక్తి అధికం, వెలుపలికి వస్తే అల్పం. ఇంతకుమించి ఆ వస్తువులో రహస్యం లేదు.

రేడియో తరంగాలకు కూడ ఆ బైండింగు పనివాడే దారి చూపాడు. అయస్కాంత, విద్యుత్ ప్రభావాలు అలల వలె, కాలం తీసుకొని ప్రయాణిస్తాయని తన ఊహను 1832 మార్చిలో వ్రాసి, ముద్రవేసి, రాయల్ సొసైటీలో భద్రపరచాడు. నూరేండ్లు దాటిన తరువాత గాని ఆ కాగితాన్ని తెరవలేదు. ఫారడే బలరేఖలకు గణితరూపమిచ్చినవాడు మాక్స్‌వెల్. 1857లో ఫారడే ఆయనకు లేఖ వ్రాస్తూ, గణితజ్ఞులు తమ ఫలితాలను సామాన్యమైన మాటలలో కూడ చెప్పకూడదా, అప్పుడు మావంటివారు వాటిని ప్రయోగంతో పరీక్షించగలరు గదా అని అడిగాడు. అప్పటికి ఆయన వయస్సు అరవై ఆరు. యూరపులో ఆయనను ఎరుగని శాస్త్రజ్ఞుడు లేడు. తనకు రానిదానిని రాదని చెప్పి, తనకంటె నలభై ఏండ్లు చిన్నవానిని అడగడానికి ఆయన సిగ్గుపడలేదు. ఆ తరంగాలను 1887, 88 ప్రాంతంలో హెర్ట్జ్ ప్రయోగంలో చూపేనాటికి ఫారడే మరణించి ఇరవై ఏండ్లయినది.

ఆయన పిల్లల కోసం క్రిస్మసు ఉపన్యాసాలు పందొమ్మిది పర్యాయాలు ఇచ్చాడు. మైనపు వత్తిని ముందు పెట్టుకొని రసాయనశాస్త్రమంతా చెప్పినవి వాటిలో ప్రసిద్ధం. సర్ బిరుదు వద్దన్నాడు. రాయల్ సొసైటీ అధ్యక్షపదవి రెండుసార్లు వచ్చినా స్వీకరించలేదు. చివరి సంవత్సరాలలో జ్ఞాపకశక్తి క్షీణించింది. 1867 ఆగస్టు 25న, రాణి ఇచ్చిన హాంప్టన్ కోర్టు గృహంలో, కుర్చీలో కూర్చుండగానే కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారమే వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో గాక హైగేట్ శ్మశానంలో, పేరూ తేదీలూ మాత్రమే ఉన్న సాదా రాతి క్రింద ఖననం చేశారు.

బిరుదులు వద్దన్న ఆయన పేరు 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభలో ధారణశక్తికి ప్రమాణంగా స్థిరపడింది. ఫారడ్ ఎంత పెద్ద ప్రమాణమంటే, ఈ భూగోళమంతటినీ ఒక లోహపు బంతిగా భావించినా దాని ధారణశక్తి సుమారు 710 మైక్రోఫారడ్లు. అంటే ఫారడ్‌లో వేయవ వంతు కూడ లేదు. మన గ్యాంగ్ కండెన్సరు కొలత పికోఫారడ్లలో ఉంటుంది. ఒక పికోఫారడ్ ఫారడ్‌లో లక్షకోట్లవ వంతు.

ఇక మన విద్యార్థి బల్లవద్దకు వద్దాము. అయిదు సెంటీమీటర్ల వ్యాసం గల అట్టగొట్టంపై అర మిల్లీమీటరు ఎనామిలు రాగితీగ డెబ్బై చుట్లు చుట్టాడు. దాని ప్రేరకత సుమారు 200 మైక్రోహెన్రీలు. దానికి సమాంతరంగా 365 పికోఫారడ్ల గ్యాంగ్ కండెన్సరు కలిపితే, రేకులు పూర్తిగా లోపల ఉన్నప్పుడు దాదాపు 590 కిలోహెర్ట్జుల వద్ద అనునాదం కలుగుతుంది. ధారణశక్తిని నాల్గవ వంతు చేస్తే పౌనఃపున్యం రెట్టింపవుతుంది. హైదరాబాదు ఆకాశవాణి శ్రోతలు దశాబ్దాలుగా ఎరిగిన 738 కిలోహెర్ట్జులకు సుమారు 230 పికోఫారడ్లు కావాలి. ఏరియల్ తన వంతు కొంత చేర్చుతుంది గనుక ముల్లు కొద్దిగా అటూ ఇటూ ఉంటుంది.

కలిపే పద్ధతి కష్టమైనది కాదు. తీగచుట్ట పైకొనను ఏరియల్‌కు, కండెన్సరులోని కదలని రేకులకు కలపాలి. క్రిందికొనను ఎర్త్‌కు, తిరిగే రేకులకు కలపాలి. ఈ వరుసకు కారణమున్నది. తిరిగే రేకులు ఇరుసుకూ చట్రానికీ అంటి ఉంటాయి. ఇరుసును మనం చేతితో పట్టుకుంటాము. అది ఎర్త్ వైపు లేకపోతే చేయి దగ్గరకు వచ్చినప్పుడల్లా స్టేషను జారిపోతుంది. మన శరీరం కూడ ఒక కండెన్సరు రేకే గదా! జంట గ్యాంగ్ అయితే, కదలని రేకుల కాళ్ళు రెండుంటాయి. వాటిలో ఒకటి చాలు. ఆ రెండు కాళ్ళనే చుట్ట కొనలకు కలిపి, ఉమ్మడి కాలును వదలివేయడం క్రొత్తవారు తరచు చేసే పొరపాటు. ఇక పైకొన నుండి జెర్మేనియం డయోడు, దాని నుండి అధిక నిరోధం గల ఇయర్‌ఫోను, దాని రెండవ తీగ ఎర్త్‌కు. అంతటితో రేడియో పూర్తి. దీనికి బ్యాటరీ అక్కరలేదు.

అతడు సరిగ్గా ఇలాగే కలిపాడు. పటం అతనికి అర్థమైనది. అయినా రేడియో మూగగా ఉండడంతో డయోడు మార్చాడు, చివరకు తన ఇంగ్లీషును తప్పు పట్టుకున్నాడు. భౌతికశాస్త్ర విభాగపు మిత్రులొకరు కండెన్సరును చుట్ట నుండి విడదీసి, టార్చి సెల్లు, చిన్న బల్బు దానితో వరుసగా కలిపి, ఇరుసును మెల్లగా త్రిప్పమన్నారు. నడుమనున్నది గాలి గనుక బల్బు వెలగకూడదు. సగం త్రిప్పేసరికి వెలిగింది. ఒక రేకు వంగి ప్రక్కదానిని తాకుతున్నది. చుట్టలోనికి రావలసినది ఆ తాకిడి వద్దనే ఎర్త్‌కు పోతున్నది. సన్నని కత్తిమొనతో ఆ రేకును సరిచేశాడు. ఆ సాయంకాలం ఇయర్‌ఫోనులో సన్నగా వార్తలు వినిపించాయి. లోపం భాషలో లేదు, రేకులో ఉన్నది. ఎక్కడ ఉన్నదో చేతితో వెతికి చూడనంతవరకు ఆ లోపం తనదే ననుకున్నాడు.

విద్యార్థులకు నేను చెప్పదలచినది ఇదే. ఫారడేకు కళాశాల లేదు, గణితం లేదు, ధనం లేదు. రానిదానిని అడగడానికి ఆయన వెనుకాడలేదు, చదివినదానిని చేసి చూడక నమ్మలేదు. ఈ రెండూ ఏ మాధ్యమంలో చదివినవారికైనా సాధ్యమే.

కళాశాల కమిటీ పెద్దలకు కూడ సవినయంగా ఒక మాట. రాయల్ ఇన్‌స్టిట్యూషన్ సభ్యుల చందాలతో నడిచిన సంస్థ. ఒక పుస్తకాల బైండరుకు ప్రయోగశాలలో చోటివ్వడానికి దాని నిర్వాహకులు ఆనాడు అంగీకరించారు. వారానికి ఒక సాయంకాలం మన ప్రయోగశాలలో ఒక బల్ల, కొద్ది విడిభాగాలు, చేసి చూసుకొనే స్వేచ్ఛ ఇస్తే పెద్ద వ్యయం కాదు. ఆ బల్ల వద్ద ఎవరు కూర్చుంటారో మనం ముందుగా చెప్పలేము. 1813లో ఆ నిర్వాహకులకు కూడ తెలియదు.

ప్రదర్శన నాడు ఆ రేడియో ప్రక్కన ఉంచిన అట్టపై మూడు పంక్తులు క్రొత్తగా చేరాయి. అవి తెలుగులోనూ, ఉర్దూలోనూ అతడే తన చేతితో వ్రాశాడు. ఎఫ్. అంటే ఫారడ్ అనీ, అది మైకేల్ ఫారడే పేరనీ, ఆయన కమ్మరి కుమారుడై పుస్తకాలు కుట్టేవాడనీ వాటి సారాంశం.